వీధి చివరి డాక్టరు చదువు మన హక్కు

నస్పూర్, శ్రీరాంపూర్ కార్మికవాడల్లో ఎవరికైనా దగ్గు పట్టుకుంటే మొదట వినిపించే మాట ‘బొగ్గు దుమ్ము’. వారం మందు వాడతారు. తగ్గకపోతే మరో వారం. కానీ ఆ దగ్గు క్షయ కావచ్చు. ఆ క్షయ వెనుక హెచ్ఐవీ ఉండవచ్చు. ఆ అనుమానం కలగవలసింది, పరీక్షకు పంపవలసింది వీధి చివర క్లినిక్‌లోని కుటుంబ వైద్యునికే. అందుకే ఆయన చదువు మన హక్కుల ప్రశ్న అంటున్నాం.

దేశంలో ఉచిత ఏఆర్‌టీ చికిత్స 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో రోగనిరోధక కణాలు బాగా తగ్గితేనే మందు ఇచ్చేవారు. 2017 నుంచి వ్యాధి నిర్ధారణ కాగానే ఇస్తున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకొక్క మాత్ర చాలు. మందు మానకుండా వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుంచి దాంపత్యంలో అది సోకదు. ఇరవై ఏళ్ల కిందట పట్టా పుచ్చుకున్న వైద్యుడు ఇవేవీ కళాశాలలో చదవలేదు.

తెలియకపోతే నష్టం రోగికే. ఈ మందులలోని డోలుటెగ్రావిర్ యాంటాసిడ్‌తో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు. క్షయకు రిఫాంపిసిన్ మొదలుపెడితే దాని మోతాదు రెండు పూటలకు పెంచాలి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను చూసి ఇవ్వాలి. గ్యాస్, దగ్గు, షుగరు: మనం పక్కవీధి డాక్టరు దగ్గరికి వెళ్లేదే వీటికి. రంజాన్‌లో రోజా విడవాలా, మందు విడవాలా అని సతమతమయ్యే రోగికి, ఏఆర్‌టీ కేంద్రాన్ని అడిగి మాత్ర వేళను ఇఫ్తార్ తరువాతకు మార్చుకోవచ్చని చెప్పగలిగినవాడూ ఆయనే.

2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, గుట్టు బయటపెట్టరాదు, వివక్షతో వైద్యం నిరాకరించరాదు. మతం పేరిట ఒకసారి, వ్యాధి పేరిట మరోసారి చిన్నచూపుకు గురయ్యే పేద ముస్లిం స్త్రీకి ఈ చట్టం కాగితం మీద ఉంటే చాలదు. వైద్యుని మనసులో ఉండాలి.

వైద్యులు అయిదేళ్లకు 30 గంటల నిరంతర విద్య పొందాలని 2002 నాటి వైద్య నియమావళే చెప్పింది. అందులో కొన్ని గంటలు హెచ్ఐవీకి కేటాయించాలని కోరుతున్నాం. మంచిర్యాల ప్రభుత్వ వైద్య కళాశాల, సింగరేణి వైద్య విభాగం, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి ఆ తరగతులను నస్పూర్‌లోనే పెట్టాలి. ఒంటరిగా క్లినిక్ నడిపే డాక్టరు దానిని మూసి హైదరాబాదు వెళ్లలేడు.

వైద్యులను అడిగే ముందు మనల్నీ మనం అడుగుకోవాలి. హెచ్ఐవీతో కన్నుమూసినవారి మయ్యిత్‌కు గుస్ల్ ఇవ్వడానికి వెనకాడే చేతులు మనలోనూ ఉన్నాయి. చేతి తొడుగులు వేసుకుని మామూలు జాగ్రత్తలు పాటిస్తే ఆ భయం అక్కరలేదు. మస్జిద్ కమిటీలు ఒక వైద్యుని పిలిచి ఈ సంగతి చెప్పించాలి. 1097 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా లభిస్తుందని జమాత్‌కు తెలపాలి. చదువు డాక్టరుతో మొదలవ్వాలి. మన గడప దగ్గర ఆగిపోకూడదు.