ఎడారి విడిదిలో నీళ్ళు తాగడానికి మొహమాటమా?

"మా అబ్బాయి అమెరికాలో ఫీనిక్స్‌లో వుంటాడు. జనవరిలో మేమిద్దరం వెళ్తున్నాం. ఆర్‌.వి. అనే ఇల్లులాంటి బండి అద్దెకు తీసుకుని, క్వార్ట్‌జ్‌సైట్ అనే చోట ఎడారిలో నాలుగు రాత్రులు గడపాలని వాడి సరదా. అక్కడ కరెంటూ వుండదట, కుళాయీ వుండదట. నాకు 64 ఏళ్ళు. చక్కెర, రక్తపుపోటు వున్నాయి. మావారికి 71, ప్రోస్టేటు ఇబ్బంది. తేళ్ళూ పాములూ వుంటాయని విని భయంగా వుంది. వెళ్ళవచ్చునా?" అని తెనాలి నుంచి ఒక సోదరి రాశారు.

నిక్షేపంగా వెళ్ళవచ్చునమ్మా. క్వార్ట్‌జ్‌సైట్ ఫీనిక్స్‌కు పడమరగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో వున్న చిన్న ఊరు. చుట్టూ వున్న ఎడారి చాలావరకు ప్రభుత్వ భూమి. ఏటా చలికాలంలో ఉత్తరాది రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి మంచు తప్పించుకోవడానికి వేలమంది ఇలాంటి బండ్లలో వచ్చి అక్కడ మకాం వేస్తారు. వారిలో ఎక్కువమంది మీ వయసువాళ్ళే. అయితే మీరు భయపడవలసిన విషయాలు మీ ఉత్తరంలో లేవు. అందుకే ఈ వారం శీర్షిక అంతా మీ జవాబుకే కేటాయిస్తున్నాను.

ముందు ఆ బండి సంగతి అర్థం చేసుకోండి. దాని అడుగున సాధారణంగా మూడు తొట్లు వుంటాయి. ఒకటి మంచినీళ్ళకు, ఒకటి వంటకూ స్నానానికీ వాడగా వచ్చిన మురికినీటికి, మూడోది మరుగుదొడ్డికి. మంచినీళ్ళ తొట్టి నలభై గాలన్లదనుకుంటే 150 లీటర్లు. నలుగురికి నాలుగు రోజులు అదే రావాలి. మరుగుదొడ్డి తొట్టి నిండితే ఎక్కడపడితే అక్కడ వదలకూడదు, అందుకని ఏర్పాటు చేసిన చోటికి బండి తీసుకెళ్ళి ఖాళీ చేయాలి. అంచేత మొదటిరోజే అబ్బాయి, "అమ్మా, నీళ్ళు కాస్త చూసి వాడాలి" అంటాడు. వాడు అనేది గిన్నెలు కడిగే నీళ్ళ గురించి. మన ఆడవాళ్ళకు మాత్రం అది తాగే నీళ్ళ గురించి చెప్పినట్టు వినబడుతుంది.

దానికితోడు ఆ మరుగుదొడ్డి ఎక్కడుంటుంది? పడక పక్కనే, పల్చటి తలుపు వెనక. కొడుకూ కోడలూ మనవడూ అందరూ నాలుగడుగుల దూరంలోనే వుంటారు. రాత్రి లేస్తే బండి ఊగుతుంది, అందరికీ తెలుస్తుంది. ఇక ఏం చేస్తారు? సాయంత్రం నాలుగు దాటాక నీళ్ళు ముట్టరు. ఇది నేను ఊహించి రాస్తున్న మాట కాదు. బస్సులో తిరుపతి యాత్రకు వెళ్ళి, దారిలో దిగాలంటే సిగ్గుపడి, చుక్క నీళ్ళు తాగకుండా కూర్చుని, చివరికి మూత్రంలో మంటతో, చలిజ్వరంతో ఆసుపత్రికి వచ్చిన తల్లులను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. యాత్ర ఒక్క పూటే. ఎడారి నాలుగు రోజులు.

పైగా జనవరి ఎడారి మోసం చేస్తుంది. పగలు ఇరవై డిగ్రీల చల్లటి ఎండ. చెమట పట్టినట్టే వుండదు. గాలిలో తేమ లేదు కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. తెనాలిలో జాకెట్టు తడిస్తే ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. అక్కడ ఆ గుర్తు వుండదు. పెదవులు పగలడం, ముక్కు లోపల ఎండి రక్తపు చార కనిపించడం, ఇవే గుర్తులు. అరవై దాటినవారికి దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది. దాహమైనప్పుడు తాగుదాంలే అంటే కుదరదు. వేళకు మాత్ర వేసుకున్నట్టే వేళకు నీళ్ళు తాగాలి.

ఎన్ని? ఎడారికి వెళ్ళేవాళ్ళు మనిషికి రోజుకు ఒక గాలను, అంటే సుమారు నాలుగు లీటర్లు వెంట తీసుకెళ్ళాలని అమెరికా జాతీయ ఉద్యానవనాల శాఖ చెబుతుంది. చలికాలంలో బండి నీడన కుర్చీ వేసుకుని కూర్చునే మీకు, కాఫీ, మజ్జిగ, పులుసుతో కలిపి రెండు, రెండున్నర లీటర్లు లోపలికి వెళ్తే చాలు. గుండె బలహీనత వల్లనో, మూత్రపిండాల జబ్బు వల్లనో నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పిన వారికి ఈ లెక్క వర్తించదు. తాగే నీళ్ళు తొట్టితో సంబంధం లేకుండా విడిగా క్యాన్లలో కొని పెట్టమనండి. మీ సీసా మీది, మావారి సీసా మావారిది. మధ్యాహ్నానికి ఎంత ఖాళీ అయిందో కళ్ళకు కనబడుతుంది. మూత్రం లేత పసుపు రంగులో, మూడు నాలుగు గంటలకోసారి వస్తూంటే సరిపోయినట్టు. టీ డికాషను రంగులోకి దిగితే సరిపోలేదన్నమాట. ఓ.ఆర్‌.ఎస్. పొట్లాలు నాలుగు ఇక్కడినుంచే తీసుకెళ్ళండి. అవి వాంతులకూ విరేచనాలకూ గాని రోజూ తాగే పానకం కాదు, అందులో చక్కెరా ఉప్పూ రెండూ వున్నాయి.

బయల్దేరేముందు మీ మందుల చీటీ డాక్టరుగారికి చూపించి ఒక ప్రశ్న అడగండి. రక్తపుపోటుకు ఇచ్చినవాటిలో మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వుందా? చక్కెరకు ఇప్పుడు విరివిగా ఇస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా మూత్రంలోకి చక్కెరనూ, దానితో నీటినీ పంపేవే. వాంతులో విరేచనాలో పట్టుకుని తిండి, నీరు సాగకపోతే వీటిలో ఏవి ఆపాలో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఎడారిలో నిలబడి ఇక్కడి డాక్టరుకు ఫోను చేస్తే ఇక్కడ అర్ధరాత్రి కావచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని బండి ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు.

మీవారి విషయంలో రెండు జాగ్రత్తలు. జలుబు చేసిందని అక్కడి దుకాణంలో దొరికే జలుబు మాత్ర వేసుకోవద్దు. ప్రోస్టేటు వున్నవారికి అలాంటి మాత్రలు కొన్ని మూత్రాన్ని పూర్తిగా బిగించేస్తాయి. అర్ధరాత్రి పొత్తికడుపు ఉబ్బి విలవిలలాడితే గొట్టం వేసేవారు ఆ ఇసుకలో దొరకరు. పెద్ద ఆసుపత్రి కావాలంటే ఫీనిక్స్, రెండు గంటల ప్రయాణం. రెండోది, ప్రోస్టేటుకు వేసుకునే మాత్రల్లో కొన్ని లేచి నిలబడగానే కళ్ళు తిరిగేట్టు చేస్తాయి. బండి మెట్లు ఇరుకు. నిమిషంపాటు కూర్చుని, దీపం వేసుకుని దిగాలి.

ఇప్పుడు అసలు భయపడవలసింది. పగలు ఇరవై డిగ్రీలున్న ఎడారి తెల్లవారుజామున అయిదు డిగ్రీలకు పడిపోతుంది. చలికి తట్టుకోలేక కిటికీలు బిగించి, గ్యాసు పొయ్యి వెలిగించి వుంచుకుంటారు కొందరు. చేత్తో పట్టుకెళ్ళే గ్యాసు హీటరు లోపల పెట్టుకుంటారు. వాటినుంచీ, జనరేటరు పొగనుంచీ కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చోటును అది ఆక్రమిస్తుంది. మనదగ్గర చలికాలంలో తలుపులన్నీ మూసి కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడానికి కారణం ఇదే. బండితోపాటు అమర్చి వచ్చే హీటరు పొగను బయటికి పంపుతుంది, అదొక్కటే వాడాలి. వంట పొయ్యి వంటకే. కార్బన్ మోనాక్సైడ్ గంట ఒకటి బండిలో వుంటుంది; దానికీ గడువు తేదీ వుంటుంది, బండి తీసుకునే రోజే చూడమనండి. అర్ధరాత్రి అది కూస్తే విసుక్కుని బ్యాటరీ పీకే మహానుభావులున్నారు!

ఒకరికి తలనొప్పి వస్తే ప్రయాణపు బడలిక కావచ్చు. బండిలో వున్న అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వచ్చాయంటే ముందు తలుపు తీసి అందరూ బయటికి దిగండి, తర్వాత 911కు ఫోను చేయండి. కొవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు వేలికి పెట్టుకుని, 98 చూపిస్తోందని నిశ్చింతగా పడుకోవద్దు. ఆ పరికరానికి ప్రాణవాయువుకూ ఈ విషవాయువుకూ తేడా తెలియదు.

తేళ్ళూ పాములూ అన్నారు కాబట్టి రెండు మాటలు. చలికాలంలో అవి చాలావరకు కదలవు. అరిజోనాలో ప్రమాదకరమైనది గడ్డిరంగు చిన్నతేలు. మన ఎర్రతేలు విషం గుండె మీద పనిచేస్తే, దానిది నరాల మీద. పెద్దవారికి ఎక్కువగా నొప్పి, తిమ్మిరితో పోతుంది. చిన్నపిల్లలకు కళ్ళు గిరగిర తిరగడం, ఒళ్ళు ఎగిరిపడటం కనబడితే వెంటనే ఆసుపత్రికి. విరుగుడు మందు 2011లోనే వచ్చింది. అతినీల లోహిత కాంతి టార్చి వేస్తే తేలు పచ్చగా మెరుస్తుంది, మీ మనవడికి మంచి కాలక్షేపం. మీకు మాత్రం తేలుకంటే ముల్లు ముఖ్యం. చక్కెరవల్ల పాదాల స్పర్శ తగ్గినవారు హవాయి చెప్పులతో తిరిగితే నాగజెముడు జాతి ముళ్ళు దిగినా తెలియదు. మూసివున్న బూట్లు వేసుకుని, రాత్రి పడుకునేముందు రెండు పాదాలూ దీపం కింద చూసుకోండి.

వేసవిలో మాత్రం ఎవరు పిలిచినా వెళ్ళవద్దు. "రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం" అనే ధీమా పనికిరాదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 110 ఫారెన్‌హీట్, అంటే 43 సెంటీగ్రేడు దాటింది. ఆ ఏడాది ఆ ఒక్క జిల్లాలోనే వేడివల్ల 645 మంది పోయారు. కరెంటులేని చోట జనరేటరు ఆగితే ఆ బండి ఒట్టి రేకుల పెట్టె.

తిరిగి వచ్చాక గుర్తుంచుకోవలసింది ఒకటి. అరిజోనా మట్టిలో ఒక బూజు వుంది. గాలిదుమారంలో దాని రేణువులు పీలిస్తే ఒకటి నుంచి మూడు వారాల తర్వాత జ్వరం, దగ్గు, విపరీతమైన నీరసం రావచ్చు. 'వ్యాలీ ఫీవర్' అంటారు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది, ఒకరినుంచి ఒకరికి అంటదు. కాని చక్కెర వున్నవారిలో ఊపిరితిత్తులను గట్టిగా పట్టవచ్చు. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తుంది. ఇక్కడి డాక్టరు న్యుమోనియా అనో, క్షయ అనో అనుకోవడం సహజం. ఆ జబ్బు మనదేశంలో లేదు కాబట్టి మీరు చెబితే తప్ప ఆయనకు తట్టదు. తెనాలి చేరిన రెండు మూడు నెలల్లో దగ్గు, జ్వరం పట్టుకుని వదలకపోతే, ఆసుపత్రి చీటీ రాయించుకునేటప్పుడే "అరిజోనా ఎడారిలో నాలుగు రోజులు వుండి వచ్చాను" అని చెప్పండి.