అనుమతి వేరు, అభయం వేరు

సెలవులకు పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలన్నది సాధారణ కాలంలో ప్రతి మధ్యతరగతి ఇంటా నడిచే ముచ్చటే. చేతిలో డబ్బు, ఆఫీసులో సెలవు, రైలులో బెర్తు - ఈ మూడూ కుదిరితే ప్రయాణం ఖాయమైనట్లే. మహమ్మారి ప్రబలిన వేళ ఈ చిన్న ముచ్చటే ప్రాణాలతో ముడిపడిన సమస్యగా పరిణమిస్తుంది. 2020 జూలైలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఇందుకు నిదర్శనంగా నిలిచింది. కోవిడ్ కారణంగా మార్చి 16 నుంచి మూతపడిన వాల్ట్ డిస్నీ వరల్డ్, జూలై 11న తన నాలుగు పార్కులలో రెండింటి ద్వారాలు తెరిచింది. ఆ మర్నాడే ఫ్లోరిడాలో 15,299 కొత్త కేసులు నమోదైనట్లు అధికారులు ప్రకటించారు. అప్పటివరకు అమెరికాలో ఏ రాష్ట్రమూ ఒక్క రోజు లెక్కలో అన్ని కేసులను చూడలేదు. ఒక చెంప రారమ్మనే ఆహ్వానం, మరో చెంప ప్రమాద సూచిక. ముందుగానే టికెట్లు కొని, హోటలు గది మాట్లాడుకుని, పిల్లలకు మాట ఇచ్చిన తల్లిదండ్రులు ఏం చేయాలి?

ఈ ప్రశ్నను గడిచిపోయిన కథగా కొట్టివేయడానికి వీలులేదు. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. రాబోయే మహమ్మారులను ఎదుర్కొనేందుకు ఒక ఒప్పందాన్ని 2025 మే 20న జెనీవాలో సభ్య దేశాలు ఆమోదించాయి. టీకాలు, మందులు, వ్యాధి క్రిముల సమాచారం వంటి పెద్ద అంశాలు అందులో ఉన్నాయి. అయితే వ్యాధి వ్యాప్తి ప్రభుత్వాల ఒప్పందాల మీదనే ఆధారపడదు. వెళ్లాలా, మానాలా అని కోట్లాది కుటుంబాలు ఇంట్లో కూర్చుని తీసుకునే నిర్ణయాల మీద కూడా ఆధారపడుతుంది. ఆ నిర్ణయాన్ని సవ్యంగా తీసుకునేందుకు పౌరునికి తోడ్పడే ఏర్పాట్లు మన దేశంలో నేటికీ అరకొరగానే ఉండటం శోచనీయం.

ద్వారాలు తెరుచుకున్నాయంటే ప్రమాదం తొలగిపోయిందని సామాన్యుడు భావించడం సహజం. కాని డిస్నీ సంస్థ అనుభవమే ఈ నమ్మకం ఎంత బలహీనమైనదో చాటుతోంది. షాంఘైలోని పార్కు 2020 జనవరి 25న మూతపడి మే 11న తెరుచుకుంది. హాంకాంగ్ పార్కు జూన్ 18న తెరిచి, నెల తిరగకుండానే జూలై 15న మళ్లీ మూసివేయవలసి వచ్చింది. సెప్టెంబరులో తెరిచారు, డిసెంబరులో మూశారు, 2021 ఫిబ్రవరిలో ఇంకోసారి తెరిచారు. టోక్యోలో 2020 జూలై 1న తలుపులు తీశారు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ మాత్రం 2020 మార్చి 14 నుంచి 2021 ఏప్రిల్ 30 వరకు, అంటే పదమూడు నెలలకు పైగా తెరుచుకోనే లేదు. సంస్థ ఒకటే, వైరస్ ఒకటే, దేశం కూడా ఒకటే అయినా ఫ్లోరిడా ప్రభుత్వం అనుమతించినదానికి కాలిఫోర్నియా ప్రభుత్వం అంగీకరించలేదు. అనుమతి అనేది ఆరోగ్యం, ఆదాయం, రాజకీయం కలిసి తేల్చిన లెక్క తప్ప వైద్యుడు రాసిచ్చిన అభయపత్రం కాదన్నది దీనిని బట్టి స్పష్టమవుతోంది.

పార్కుల యాజమాన్యం జాగ్రత్తలు తీసుకోలేదని అనడం న్యాయం కాదు. మాస్కు తప్పనిసరి చేశారు. ముందుగా రిజర్వు చేసుకున్నవారినే పరిమిత సంఖ్యలో రానిచ్చారు. ఊరేగింపులు, బాణసంచా నిలిపివేశారు. గేటు వద్ద జ్వరం చూశారు. ఆ పార్కుల నుంచి పెద్ద ఎత్తున వ్యాధి పాకినట్లు ఆధారాలేవీ బయటపడలేదన్నది కూడా గమనార్హం. అయితే దేశం నలుమూలల నుంచి వచ్చి, రెండు మూడు రోజులు గడిపి, తిరిగి నలుమూలలకు చెదిరిపోయే జనంలో ఎవరికి ఎక్కడ వ్యాధి సోకిందో తేల్చడం దుస్సాధ్యం. ఆధారం దొరకకపోవడం, ప్రమాదం లేకపోవడం ఒకటి కావు. పైగా కోవిడ్ సోకినవారు లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు వ్యాధిని అంటించగలరు. జ్వరం చూసే యంత్రం అటువంటివారిని పట్టుకోలేదు.

ఆ వేసవిలోనే అదే ప్రాంగణంలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ పోటీలు కూడా జరిగాయి. క్రీడాకారులను బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉంచి, ప్రతిరోజూ పరీక్షలు జరిపి ఆడించారు. కోట్ల డాలర్ల విలువచేసే ఆటగాళ్లకు దక్కిన ఆ రక్షణ టికెట్టు కొన్న కుటుంబానికి లభించేది కాదు. సామాన్య కుటుంబం తన రక్షణను తానే చూసుకోవాలి. అందువల్ల లెక్క వేయవలసింది పార్కు ఒక్కదానిని కాదు, గడప దాటినది మొదలు తిరిగి గడప తొక్కేవరకు సాగే యావత్తు ప్రయాణాన్ని. ఆరుబయట తిరిగే సమయంలో గాలి ఉద్ధృతికి వైరస్ పలచబడుతుంది. తలుపులు మూసిన గదులు, హోటలు లిఫ్టు, బస్సు, మాస్కు తీయక తప్పని భోజనశాల - అసలు ప్రమాదం అక్కడ పొంచి ఉంటుంది. 2014 డిసెంబరులో కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో మొదలైన తట్టు వ్యాధి వందమందికి పైగా సోకి, రాష్ట్రం ఎల్లలు దాటి పాకిన సంగతి విదితమే. దూరప్రాంతాల జనం ఒకచోట చేరితే గాలి ద్వారా సోకే వ్యాధి ఎంత సులభంగా ఊళ్లు మారుతుందో ఆనాడే తెలిసివచ్చింది.

ఇక నాణానికి రెండో వైపు చూడాలి. ఇంటిపట్టున ఉండండని చెప్పడం సులువే. ఆ మాటకు మూల్యం చెల్లించేవారు వేరే ఉంటారు. డిస్నీ సంస్థ 2020 సెప్టెంబరు 29న అమెరికాలో 28 వేల మంది ఉద్యోగులను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. వారిలో అత్యధికులు పార్ట్‌టైమ్ కార్మికులు. మన దేశానికి 2019లో వచ్చిన విదేశీ పర్యాటకులు సుమారు 1.09 కోట్లు కాగా, 2020లో ఆ సంఖ్య 27.4 లక్షలకు, 2021లో 15.2 లక్షలకు పడిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు పర్యాటక రంగంలో 2.15 కోట్ల మంది ఉపాధి కోల్పోయినట్లు కేంద్ర పర్యాటక శాఖ చేయించిన అధ్యయనం అంచనా వేసింది. గైడు, టాక్సీ డ్రైవరు, హోటలులో గదులు ఊడ్చే కార్మికుడు, పార్కు గేటు ముందు మొక్కజొన్న కంకులు కాల్చే మనిషి - వీరందరి పొయ్యిలో పిల్లి లేవలేదు.

పొరుగు దేశాల గతి మరింత దయనీయం. 2018లో 23 లక్షల మందికి పైగా పర్యాటకులను చూసిన శ్రీలంకకు 2020లో వచ్చినవారు 5.07 లక్షలే. ఆ దేశం 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణాల చెల్లింపు నిలిపివేయడానికి కారణాలు పెక్కు ఉన్నా, పర్యాటక ఆదాయం ఎండిపోవడం వాటిలో ఒకటి. పర్యాటకమే ఊపిరిగా బతికే మాల్దీవులు 2020 జూలై 15నే ద్వారాలు తెరిచాయి. భారతీయులు పెద్ద సంఖ్యలో తరలివెళ్లారు. మన దేశంలో రెండో వెల్లువ విజృంభించాక, 2021 మే 13 నుంచి దక్షిణాసియా పర్యాటకుల రాకను ఆ ప్రభుత్వమే నిషేధించవలసి వచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత ఈ ప్రభుత్వాల అవస్థకు అతికినట్లు సరిపోతుంది.

మన దేశంలో వినోద పార్కులు తెరుచుకునేందుకు కేంద్రం 2020 అక్టోబరు 15 నుంచి అనుమతించింది. తదుపరి ఏడాది వసంతంలో రెండో వెల్లువ వచ్చిపడింది. 2021 మే 6న ఒక్క రోజులో నాలుగు లక్షల పద్నాలుగు వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఆక్సిజన్ సిలిండరు కోసం జనం రాత్రంతా వీధులలో పడిగాపులు కాసిన రోజులవి. ఆ గాయం మానక ముందే, జూలైలో మనాలి, ముస్సోరీ వంటి కొండ ప్రాంతాలు పర్యాటకులతో కిక్కిరిశాయి. ముస్సోరీ సమీపంలోని కెంప్టీ జలపాతం కింద జనం ఒకరినొకరు ఒరుసుకుని స్నానాలు చేస్తున్న దృశ్యాలు దేశమంతటా చర్చనీయాంశమయ్యాయి. ఒకేసారి యాభై మందికి మించి, అరగంటకు మించి అక్కడ ఉండరాదని అధికారులు ఆంక్ష విధించారు. మాస్కులు లేని జనసందోహాల పట్ల ప్రధాని నరేంద్ర మోదీ జూలై 13న ఆందోళన వ్యక్తం చేశారు.

ఆ ఆందోళన సమంజసమైనదే. అయితే రోడ్లు తెరిచి, హోటళ్లకు అనుమతులిచ్చిన తరువాత, వచ్చిన జనాన్ని తప్పుపట్టడంతోనే ప్రభుత్వ బాధ్యత తీరిపోతుందా? తలుపు తీసినప్పుడే ఎందరికి తీస్తున్నదీ, ఏ గీత దాటితే తిరిగి మూస్తామన్నదీ ప్రకటించి ఉంటే ప్రజలకు దారి తెలిసేది. ఆ గీత ముందుగా గీయకపోవడం వల్లనే పౌరుడు ఒకనాడు అతిథిగా, మరునాడు అపరాధిగా కనిపించాడు.

నియంత్రణ పేరిట మరో కొసకు పోవడం కూడా వాంఛనీయం కాదు. 2021 అక్టోబరు 31న షాంఘై డిస్నీ పార్కుకు అంతకుముందు వచ్చివెళ్లిన ఒక్క వ్యక్తికి వ్యాధి ఉన్నట్లు తేలడంతో ద్వారాలు మూసి, లోపల ఉన్న దాదాపు 34 వేల మందికి పరీక్షలు జరిపాకనే బయటకు వదిలారు. అందరికీ వ్యాధి లేదనే తేలింది. పిల్లాపాపలతో వినోదానికి వెళ్లినవారు రాత్రి పొద్దుపోయేవరకు పరీక్షల క్యూలలో నిలబడవలసి వచ్చింది. ఫ్లోరిడా తీరు ఒక అతి అయితే షాంఘై తీరు మరో అతి.

కుటుంబాల చేత తప్పటడుగు వేయించేది విహారం మీది మోజు ఒక్కటే కాదు. ముందుగా కట్టిన డబ్బు కూడా. వెళ్లకపోతే వేలాది రూపాయలు గంగపాలు అవుతాయన్నప్పుడు, దగ్గు ఉన్నా దాచుకుని బయలుదేరే మనిషిని ఏ ప్రకటనా ఆపలేదు. ఈ విషయంలో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పు ఎన్నదగినది. లాక్‌డౌన్ కాలంలో, ఆ కాలపు ప్రయాణాలకే కొన్న విమాన టికెట్ల సొమ్మును పూర్తిగా వాపసు చేయాలని న్యాయస్థానం ఆదేశించింది. మరికొన్ని టికెట్ల సొమ్మును 2021 మార్చి 31 వరకు వాడుకోగల జమగా ఉంచే వెసులుబాటు కల్పించింది. అయితే ఆ తీర్పు విమాన టికెట్లకు సంబంధించినది. పైగా విమానాలు తిరిగే రోజులలో భయపడి ప్రయాణం మానుకున్నవాని గోడు ఈ ఊరటకు వెలుపలనే ఉండిపోయింది. హోటలు గది, ప్యాకేజీ టూరు, పార్కు టికెట్టు విషయంలో ఆయా సంస్థల షరతులే శాసనమయ్యాయి.

ఈ దృష్ట్యా ప్రభుత్వం తక్షణం చేపట్టవలసిన పనులు మూడు ఉన్నాయి. ఒకటి, అంటువ్యాధిని అత్యవసర పరిస్థితిగా ప్రకటించిన కాలంలో విమానం, హోటలు, టూరు, పార్కు - వేటికి కట్టిన సొమ్మయినా ఖర్చులు పోను వాపసు పొందే హక్కును, కనీసం ఏడాదిపాటు తేదీ మార్చుకునే హక్కును చట్టంలో చేర్చాలి. రెండు, జిల్లాల వారీగా ఆసుపత్రి పడకల పరిస్థితిని, వ్యాధి ఉద్ధృతిని సామాన్యునికి అర్థమయ్యే భాషలో రోజూ ప్రకటించాలి. మూడు, పర్యాటక రంగ కార్మికులకు నేరుగా నగదు సాయం అందాలి. 2021 జూన్ 28న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన పథకంలో గుర్తింపు పొందిన గైడుకు లక్ష రూపాయల వరకు, ట్రావెల్ సంస్థకు పది లక్షల వరకు హామీతో కూడిన రుణ సదుపాయం కల్పించారు. ఆదాయమే లేనివానికి అప్పు అంతంత మాత్రపు ఊరట. గుర్తింపు కార్డు లేని డ్రైవరు, కూలి వంటివారికి అదీ దక్కలేదు.

కుటుంబాల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ఇంట్లో బలహీనులెవరో వారిని దృష్టిలో ఉంచుకునే నిర్ణయం తీసుకోవాలి. మధుమేహంతో బాధపడే తాత, గర్భిణి అయిన కోడలు, టీకా అందని పసిపిల్ల ఉన్న ఇల్లు వేరు, అందరూ ఆరోగ్యవంతులైన ఇల్లు వేరు. ప్రయాణం చేసినవారు తిరిగి వచ్చి ఎవరితో మెలగుతారన్నది కూడా లెక్కలోకి రావాలి. విహారానికి వెళ్లని పనిమనిషి, ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునే సహోద్యోగి ఆ ప్రయాణపు ముప్పులో వాటాదారులవుతారు. వారి అంగీకారం ఎవరూ అడగరు. కనుకనే ఇది కేవలం సొంత వ్యవహారం కాదు.

వద్దనుకున్న నిర్ణయం శాశ్వతం కానక్కర లేదు. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న ప్రారంభమై, అక్టోబరు 21 నాటికి వంద కోట్ల డోసులు దాటాయి. అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27 నుంచి యథావిధిగా తిరిగాయి. 2020 జూలైలో ప్రాణాంతకం కాగల ప్రయాణం రెండేళ్ల తరువాత చాలామందికి మామూలు ప్రయాణమే అయింది. వాయిదా వేసినవారు కోల్పోయింది ఒకటి రెండు వేసవి సెలవులు. పార్కులు ఎక్కడికీ పోలేదు. బతికి ఉంటే బలుసాకు తినవచ్చునన్న పెద్దల మాటలోని సారం ఇదే. అయితే ఆ బలుసాకు భారమంతా కార్మికుని కంచంలోనే పడకుండా చూడటం, మానుకున్న కుటుంబం డబ్బు మునిగిపోకుండా కాపాడటం పాలకుల విధి. తదుపరి మహమ్మారి ముందుగా చెప్పి రాదు. ఆ ఏర్పాట్లేవో ఈ తెరిపి ఉన్న రోజులలోనే చేసి పెట్టుకోవడం విజ్ఞత.