భీమిలి ఒడ్డు

చిన్న ఊరిలో ప్రొద్దుపోదని నగరవాసులు తరచుగా అనుచుందురు. సెలవుదినమున విశాఖపట్టణమునుండి భీమునిపట్నమునకు వచ్చువారిలోను ఈ మాట అనువారు కలరు. సుమారు 25 కిలోమీటర్ల తీరపు బాట వెంట వచ్చి, అలలలో పాదములు తడుపుకొని, ఫోటోలు తీసికొని, వేయించిన చేపలు తిని, రెండు గంటలలో వారు మరలిపోవుదురు. పోవుచు పోవుచు, “ఇచ్చట చూడదగినది ఇంతేనా?” అని అడుగుదురు. వారి ప్రశ్నలో దోషము లేదు. వారు వచ్చిన వేళయే సరియైనది కాదు.

ఆ ఊరిని చూడదలచినవారు తెల్లవారుజామున ఒడ్డునకు పోవలెను. రాత్రివేళ నేల త్వరగా చల్లబడును. నీరు అంత త్వరగా చల్లబడదు. అందుచేత వేకువను గాలి నేలనుండి కడలివైపు వీచును. మోటార్లు లేని కాలమున తెప్పలు చాపలెత్తి వేటకు పోయినది ఈ గాలితోడనే. పగలు నేల వేడెక్కగా గాలి తిరిగి సముద్రమునుండి వీచును. ఆ గాలితో అవి ఇల్లు చేరెడివి. భూగోళ పాఠమున రెండు పంక్తులలో ముగియు విషయము ఇచ్చట ఒక ఊరికి దినచర్య అయ్యెను. నేడు మోటారు కట్టిన ఫైబరు పడవలు వచ్చినవి. అయినను గాలి మారినదని తెలిసికొనుటకు ఒడ్డున కూర్చున్న వృద్ధులు గడియారము చూడరు.

అన్నింటికంటె చూడదగినది అలివి వల లాగుట. వల త్రాడు ఒక కొనను ఒడ్డున కొందరు పట్టుకొని నిలుతురు. పడవ తక్కిన వలను మోసికొనిపోయి, నీటిలో అర్ధచంద్రాకారముగా విడిచి, రెండవ కొనను దూరముగా మరల ఒడ్డునకు చేర్చును. ఇరుప్రక్కల రెండు జట్లు మడమలు ఇసుకలో తన్నిపట్టి, ఒకే పాటకు ఒకే అడుగు వెనుకకు వేయుచు లాగుదురు. లాగినకొలది జట్లు దగ్గరగును. తుదకు వల సంచి ఒడ్డెక్కిననాడు అందులో కవళ్లు వెండిరేకులవలె మెరయవచ్చును. ఒక్కొక్కనాడు పిడికెడు నెత్తళ్లును, నాచును తప్ప మరేమియు ఉండకపోవచ్చును. స్త్రీలు గంపలు దింపి బేరము మొదలుపెట్టుదురు. బడికి పోవు పిల్లలు గుల్లలు ఏరుకొందురు. వ్యాహ్యాళికి వచ్చిన పింఛనుదారుడు తానును ఒక చేయి వేయును. ఆనాటి కూర అతని ఇంటికి ఇసుక అంటియే పోవును. ఎవరిది పనియో, ఎవరిది వినోదమో చెప్పుట కష్టము. ఆ ఊరి సుఖమంతయు ఈ కలగాపులగములోనే ఉన్నది.

చరిత్రకును కొదువ లేదు. పావురాలకొండపై బౌద్ధులనాటి శిథిలములు కలవు. డచ్చివారు వర్తకము సాగించి, 1825 లో ఊరిని ఆంగ్లేయులకు విడిచిపోయిరి; వారి సమాధులు మిగిలినవి. 1861 లోనే పురపాలక సంఘము ఏర్పడిన ఈ ఊరు నేడు మహా విశాఖ నగరపాలక సంస్థలో ఒక భాగము. కాని సాయంకాలము ఊరివారు వెదకునది చరిత్రను కాదు, గోస్తనీ సంగమమును. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల చెంత ప్రవహించి వచ్చిన ఆ నది ఇచ్చట సముద్రమున కలియును. ఇసుకతిన్నె నిన్న ఉన్నట్లు నేడు ఉండదు. అది ఎటు జరిగినదో చూచి వచ్చుటయే కొందరికి నిత్యవ్రతము.

ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే, మోటారు పడవలకు వేట నిషిద్ధము. అప్పుడు ఒడ్డుననే వలలు పరచుకొని చిరుగులు అల్లుకొందురు. ఆ పనికి చాల చోటు కావలెను. చేపలు ఎండబెట్టుటకును, పడవలు నిలుపుటకును కావలెను. చూచువారికి బయలుగా తోచు ఇసుక నిజమునకు బయలు కాదు.

నగరము పెరిగి ఊరివరకు వచ్చినది. విడిదిగృహములు లేచినచో యువకులకు ఉద్యోగములు దొరకునని పలువురు చెప్పుదురు. అది త్రోసిపుచ్చదగిన మాట కాదు. వేట ఒక్కదానితో ప్రతి ఇల్లును గడవదు. అయితే ఆ గృహములు బాటకు ఆవల కట్టినను అతిథులు వత్తురు. ఇసుకమీదికే గోడలు జరిగినచో వల లాగువారు వెనుకకు వేయవలసిన అడుగు ఎచ్చట వేయుదురు? తీరప్రాంత కట్టడములను నియంత్రించు నిబంధనలు 1991 లోనే వెలువడినవి. పిమ్మట మార్పులును జరిగినవి. కాగితముపై నున్న గీత ఇసుకపై కానరాదు గనుక దానిని కనిపెట్టి ఉండవలసినవారు ఊరివారే.

దీపముల సంగతియు అట్టిదే. చలికాలపు తుదిని ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు రాత్రివేళ వెలుపలికి వచ్చి, వెలుగున్న దిక్కే సముద్రమనుకొని నడచును. ఒడ్డున పెద్ద దీపము వెలుగుచున్నచో అవి బాటవైపు పోయి నశించును. ఆ నెలలలో దీపములను ఆర్పుటకో, నేలవైపు త్రిప్పుటకో పెద్ద వ్యయము కాదు.

“ఇంతేనా?” అని అడిగిన అతిథి ఒక రాత్రి ఊరిలో బసచేసి, వేకువను ఒడ్డునకు పోయి, అలివి త్రాడు పట్టి చూడవచ్చును. లాగువారు కాదనరు. చేతులు మాత్రము రెండు దినములు మండును.