అడవి అంచున ఉద్యోగధర్మము

ఉద్యోగమున ఎదుగుట యనగా నేమి? ఈ ప్రశ్నకు లోకము చెప్పు సమాధానమును ఖమ్మం బస్సు నిలయమున నిలుచుండి వినవచ్చును. కొత్తగూడెము, పాల్వంచ దాటి భద్రాచలపు అడవులవైపు బదిలీ యైనవానిని చూచి బంధువులు జాలిపడుదురు. అక్కడినుండి పట్టణమునకు తిరిగి వచ్చినవానిని అభినందించుదురు. అడవికి ఎంత దూరమైనచో అంత ఎదిగినట్లు లెక్క. ఈ లెక్క తప్పని ఆ ప్రాంతపు చరిత్రయే సాక్ష్య మిచ్చుచున్నది.

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున గోలకొండ ప్రభుత్వము క్రింద పాల్వంచ పరగణాకు తహశీలుదారు. మేనమామలైన అక్కన్న మాదన్నల ప్రాపున ఆయనకు ఆ పదవి లభించినదని ప్రతీతి. మాదన్న అబుల్ హసన్ తానీషాకు ప్రధానమంత్రి. పరగణాలో వసూలైన సొమ్ముతో గోపన్న భద్రాద్రిపై రామాలయము కట్టించెననియు, ఆ ధనము ఖజానాకు చేరనందున గోలకొండ కోటలో పండ్రెండేండ్లు చెర అనుభవించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. ఈ కథలో భక్తులు భక్తిని చూతురు. ఉద్యోగులు చూడవలసినది మరికొంత కలదు.

మొదటిది, పలుకుబడికి గల హద్దు. మేనమామల ప్రాపు పదవి నిప్పింపగలిగినది గాని చెర తప్పింపలేకపోయినది. ఆ ప్రాపైనను నిలిచినదా? 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ మొగలుల వశమయ్యెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా కన్ను మూసెను. ఒకరి అండ చూచుకొని ఎదిగినవాడు ఆ అండతోపాటు ఒరిగిపోవును.

రెండవది, లెక్క. గోపన్న భక్తిని శంకించువాడు తెలుగునాట లేడు. అయినను భక్తి వేరు, ఖజానా వేరు. ఈ భేదమును జనుల కథయే గుర్తించినది. రామలక్ష్మణులు తానీషా కడకు వచ్చి బాకీ మొత్తము చెల్లించి రసీదు పుచ్చుకొనిరని ప్రజలు చెప్పుకొందురు. దేవుని గుడికి వాడినది గనుక ఆ బాకీ చెల్లింప నక్కరలేదని రాముడు వాదించెనని ఎవరును చెప్పుకొనరు. సంకల్పము ఎంత పవిత్రమైనను ప్రజల సొమ్మునకు లెక్క చెప్పక తప్పదని, దేవుడైనను రసీదు తీసికొనక తప్పదని పామరులు సైతము గ్రహించిరి. మధ్యాహ్న భోజనపు బియ్యమునకు పుస్తకము వ్రాయు ప్రధానోపాధ్యాయునికి ఇంతకంటె మంచి పాఠము దొరకదు.

మూడవది, బాధ్యత. ప్రచారములో నున్న కథలో గోపన్న తన క్రింది కరణములపై నేరము మోపలేదు. పన్ను కట్టిన రైతులను నిందింపలేదు. బాధ మితిమీరినపుడు తన రామునితోనే జగడమాడెను. ఏ నగ చేయించుటకు ఎంత ఖర్చైనదో కీర్తనలోనే ఏకరువు పెట్టెను. చెరలో నుండియు లెక్క మరువని తహశీలుదా రాయన. ఫలితము మంచిదైనపుడు ముందుకు వచ్చి, చెడినపుడు క్రిందివానిని ముందుకు త్రోయు అధికారులు ఈ ఘట్టమును తరచు తలచుకొనుట మేలు.

రెండవ సాక్షి మన కాలమునకు దగ్గరివాడు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ వియన్నా నగరమున పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధము మొదలైనపుడు శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటరాదని నిర్బంధింపబడెను. మరియొకడైనచో యుద్ధము ముగియువరకు విధిని నిందించుచు కూర్చుండెడివాడు. ఆయన చెంచులను, గోదావరి కొండలలోని కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను తెలిసికొనుటకు ఆ నిర్బంధమును వినియోగించుకొనెను. కొండరెడ్లపై ఆయన వ్రాసిన గ్రంథము 1945లో వెలువడినది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఆరంభమగుటకును, వారి పిల్లలకు గోండీ భాషలో వాచకములు తయారగుటకును ఆయనయే ముఖ్యకారకుడు. అటుపిమ్మట లండన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆ ఆచార్యపదవికి మెట్లు అడవిలోనే పడినవి. ఆయన అడవికి మొదట విద్యార్థిగా పోయెను. సలహాదారుడైనది ఆ పిమ్మటనే.

ఈ వరుసయే నేటి ఉపాధ్యాయునికి ముఖ్యము. కోయగూడెమునుండి బడికి వచ్చిన పిల్లవాడు ఇంట కోయభాష మాటలాడును. బడిలో తెలుగు విని మౌనము వహించును. ఆ మౌనమును మందబుద్ధిగా లెక్కించు ఉపాధ్యాయుడు తన అజ్ఞానమును పిల్లవాని ఖాతాలో వ్రాయుచున్నాడు. నూరు కోయమాటలు నేర్చిన ఉపాధ్యాయుడు అదే పిల్లవానిచే వారములో నోరు విప్పించగలడు. షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో వెలువడిన ఉత్తర్వును 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆ తీర్పుపై ఎవరి యభిప్రాయ మెట్లున్నను, బయటినుండి వచ్చు ఉపాధ్యాయునికి పిల్లల భాష నేర్చు బాధ్యత దానివలన పెరిగినదే గాని తగ్గలేదు.

పదోన్నతి కోరుట తప్పు కాదు. వానకాలమున వాగులు పొంగి దారులు తెగిపోవు ఊళ్లలో కాపురముండుట సులభమును కాదు. తన బిడ్డల చదువు, తల్లిదండ్రుల వైద్యము ఎవరికైనను ఉండును. ఉద్యోగికి వసతి, తగిన భత్యము, నిర్ణీత కాలము తరువాత బదిలీ కల్పించుట ప్రభుత్వపు విధి. కాని ఒక దురాచారము మాత్రము వెంటనే మానవలసినది. పట్టణమున తప్పు చేసినవానిని దండనగా అడవికి పంపుట న్యాయము కాదు. పట్టణమునకు పనికిరాని ఉపాధ్యాయుడు గూడెమునకు ఎట్లు పనికివచ్చును? తప్పు చేసినవాడు రెండేండ్లలో ఎవరినో పట్టుకొని తిరిగిపోవును. శిక్ష యంతయు ఏ నేరము నెరుగని కోయపిల్లవానిపై పడును.

విద్యార్థులలోను రేపటి ఉపాధ్యాయులు, వైద్యులు, తహశీలుదారులు కలరు. వారు ఒక సంగతి గుర్తుంచుకొందురు గాక. పాల్వంచను గోపన్నకు ముందు ఏలినవారును, తరువాత ఏలినవారును పెక్కురుండిరి. వారిలో బదిలీపై పెద్ద పదవులకు పోయినవారును ఉండియుందురు. జనులు వారి పేర్లు దాచుకొనలేదు. చెరకు పోయినవాని పేరు దాచుకొనిరి. అట్లని ఎవరును చెరకు పోనక్కరలేదు. గోపన్న విడిచిన లెక్కను సరిగా వ్రాసి, ఆయన విడువని నిష్ఠను నిలుపుకొనినచో చాలును. ఆ ఉద్యోగి అడవిలో నున్నను ఎదిగినవాడే.