నడుం నొప్పికి మార్కులు

ధాన్యం కాటా ప్రతిసారీ రెండు కిలోలు తక్కువే చూపిస్తోందనుకోండి. ఎవరు తూచినా, ఎన్నిసార్లు తూచినా అదే లెక్క. దానికి నిలకడ ఉంది, నిజం మాత్రం లేదు. ఈ తేడా అవనిగడ్డ రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనిషి ఒంటి కష్టాన్ని తూచే కాటాల దగ్గరికొచ్చేసరికే చదువుకున్నవాళ్లు కూడా మర్చిపోతుంటారు.

అవేం కాటాలంటారా? పనిచేసేటప్పుడు నడుం ఎంత వంగింది, చెయ్యి ఎంత లేచింది, బరువెంత అని చూసి మార్కులు వేసే ఎర్గనామిక్స్ పద్ధతులు. వాటిలో ‘రూలా’ని 1993లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పరిశోధకులు ప్రకటించారు. దుస్తుల తయారీలో బట్ట కత్తిరించేవాళ్లనీ, మిషన్ కుట్టేవాళ్లనీ చూసి రూపొందించిన పద్ధతి అది. దాన్ని దివిసీమ ఊడ్పు చేలోకి తెచ్చి చూడండి. నడుం 60 డిగ్రీలు దాటి వంగితే 4 మార్కులు. ఆపైన ఎంత వంగినా అంతే. కాళ్లకి రెండే రకాలు: సమంగా ఆనాయా, లేదా. పిక్కల్లోతు బురదలోంచి అడుగు పీక్కుంటూ పొద్దంతా వెనక్కి నడిచే ఆడకూలీ అవస్థకి ఆ కాగితంలో గడే లేదు.

ఫిన్లండు ఉక్కు కంపెనీలో 1970లలో పుట్టిన ‘ఓవాస్’ సంగతి మరీ విడ్డూరం. 10 కిలోల లోపు, 10 నుంచి 20, ఆపైన... బరువులు మూడే రకాలు. 25 కిలోల బియ్యం సంచీ, 75 కిలోల ధాన్యం బస్తా దాని లెక్కలో ఒకటే! ఇద్దరు పరిశీలకులకిస్తే ఇద్దరూ అదే గడిలో టిక్కు పెడతారు. గడులు అంత వెడల్పయితే గురి తప్పేదెలా?

అసలు పరీక్ష వేరే ఉంది. మార్కులు ఎక్కువొచ్చిన పనుల్లో నిజంగానే నొప్పులు ఎక్కువున్నాయా అని కొన్నాళ్లు వెంట ఉండి చూడాలి. అక్కడా ఓ తిరకాసుంది. నడుం పట్టేసిన మనిషి పనిలోకి రాదు. వచ్చినవాళ్లనే అడిగి లెక్కేస్తే ఊడ్పులంత హాయైన పని లేదని తేలినా తేలుతుంది. ఎర్గనామిక్స్ పద్ధతులు బోలెడున్నాయి సరే, అవి పనిచేస్తాయన్న రుజువులేవని స్టాంటన్, యంగ్ అనే పరిశోధకులు 1999లో ‘నేచర్’ పత్రికలోనే నిలదీశారు.

రేపు బస్తా బరువు 50 కిలోలకి తగ్గించారనుకుందాం. గుడివాడ మిల్లు హమాలీకి మొదటి బస్తాకే తెలుస్తుంది. ఓవాస్‌లో మాత్రం ఆ బరువు గడి మారదు. ఆ కాగితం పట్టుకుని యజమాని, ‘ఇంత చేసీ తేడా ఏముందయ్యా, మళ్లీ 75 చేసెయ్యండి’ అంటే?