నీటి గుమ్మం ఎదుట



ఈ మధ్య మేము నెహెమ్యా గ్రంథం ధ్యానిస్తూ ఎనిమిదో అధ్యాయం దగ్గర ఆగిపోయాం. ఎజ్రా ధర్మశాస్త్రం చదివింది మందిరం లోపల కాదు, నీటి గుమ్మం ఎదుటి మైదానంలో. పురుషులు, స్త్రీలు, విని గ్రహించగలిగిన వారందరూ అక్కడ ఉన్నారు. ఉదయం నుండి మధ్యాహ్నం వరకు చదివారు. లేవీయులు జనానికి అర్థం చెప్పారు. అర్థమయ్యాక జనం ఏడ్చారు, ఆ తరువాత ఏమీ లేని వారికి వంతులు పంపారు. కలిసి చదవడం, గ్రహించడం, పొరుగువాణ్ణి తలచుకోవడం. వరుస ఇది.

ఈ వరుసను మన నెల్లూరు జిల్లా ఒకసారి కళ్ళారా చూసింది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటికలు వేశాయి. కూలి పనికి పోయి వచ్చిన అక్కలు, అమ్మలు రాత్రిపూట పలకలు పట్టుకున్నారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుడుతో చితికిన ఇంటి కథ, ఆడవాళ్ళు ఏకమై సారా కొట్టు మూయించిన కథ. చదివినవాళ్ళు 'ఇది మన ఇంటి సంగతే' అనుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మగారు, తోటి స్త్రీలు సారాను అడ్డుకున్నారు. జిల్లా అంతా కదిలింది, సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది.

1997లో ఆ నిషేధం ఎత్తేశారు. మందు మళ్ళీ వచ్చింది. 'అయితే లాభమేమి అయ్యగారూ?' అని అడుగుతారు. మా మనవి ఒకటే. చట్టాన్ని ప్రభుత్వం ఇస్తుంది, ప్రభుత్వమే తీసుకుంటుంది. కులం చూడకుండా ఒక దీపం చుట్టూ కూర్చుని, ఒక కథ చదివి, నోరు విప్పి మాట్లాడుకునే అలవాటును మాత్రం ఎవరూ తీసుకుపోలేదు, మనమే వదిలేశాం. ఈనాడు ఎవరి ఫోను వారిది, ఎవరి గుడి వారిది. పక్క వీధిలో అప్పుతో కుమిలిపోతున్న ఇల్లు మనకు తెలియదు.

ఇందులో మా తప్పూ ఉంది. మేము మైకు పెట్టి ఊరికి వినిపించాం గాని, ఊరి మాట వినడానికి కూర్చోలేదు.

కాబట్టి మా అభిప్రాయం చెబుతున్నాం. వారానికి ఒక సాయంత్రం సంగంలో అందరం కలిసి చదువుకుందాం. మందిరంలో అయితే మతం మార్చడానికే అనుకుంటారు. రచ్చబండ దగ్గర అందామా, ఆ అరుగు మీద మన తాతలను కూర్చోనిచ్చిన వారెవరు? బడి వరండా అడుగుదాం. అక్కడ అందరి పిల్లలూ కూర్చున్నారు. కరపత్రాలు వద్దు, కానుక సంచి వద్దు. ఒక కథో, పేపరులో ఒక వార్తో చదువుదాం. ఆ రోజుల్లో పలక పట్టిన పెద్దమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. ముందు వాళ్ళ నోట ఆ సంగతులు విందాం. హిందూ సోదరులు, ముస్లిం సోదరులు మాట్లాడేటప్పుడు మధ్యలో బోధ చేయకుండా ఉందాం.

'ఇది లోకసంబంధమైన పని గదా' అని విశ్వాసులలో కొందరికి అనిపించవచ్చు. పొరుగువాణ్ణి ప్రేమించమన్నాడు ప్రభువు. వాడి గోడు వినకుండా ఎలా ప్రేమిస్తాం? మన ఊరు సంగం, మన కూడిక సంఘం. రెంటి మధ్య గోడ కట్టింది దేవుడు కాదు.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత పది నిమిషాలు ఆగండి, ఈ సంగతి మాట్లాడుకుందాం. ప్రభువు మనకు వినే చెవులు దయచేయును గాక. ఆమేన్.