పోయొస్తానంటే ఎన్నింటికి?

తమిళనాట తెలుగువాళ్ళం, మన తట్టు ఎవరింటి నుంచి బయలుదేరినా "పోతాను" అనం, "పోయొస్తాను" అంటాం. తమిళంలోనూ అంతే. కారియాపట్టిలో మా చుట్టాలింట ఆటిజం ఉన్న పిల్లవాడొకడున్నాడు. ఆరేళ్ళ వయసులో ఈ మాట వాణ్ణి చాలా బాధపెట్టింది. పోయొస్తానని వెళ్ళిన పెదనాయన కోసం పొద్దుగూకేదాకా తిన్నె మీదే కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. పెదనాయన ఎప్పుడో బస్సెక్కి అరుప్పుకోట్టై చేరిపోయాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. వాడు ఏడ్చాడు.

ఇప్పుడు వాడికి పదిహేడేళ్ళు. ఆ కతను వాడే చెబుతాడు, పెదనాయన గొంతుతో సహా. చుట్టాలు చెప్పులు తొడుక్కుంటుంటే గడప దగ్గర నిలబడి "పోయొస్తావు సరే, ఎన్నింటికొస్తావు?" అని అడిగి, వాళ్ళు తడబడితే పడీపడీ నవ్వుతాడు. వాళ్ళూ నవ్వుతారు. నవ్వాక ఒకామె "పాపం, ఆనాడు మన మాటనే కదా వాడు నమ్మింది" అనడం నేను విన్నాను. ఆమెకు ఆటిజం గురించి డాక్టర్లు చెప్పినవేవీ అంతదాకా తలకెక్కలేదు.

నత్తినీ చెవుడునీ పిచ్చినీ మన సినిమాలు నవ్వుకోసం వాడుకుంటూనే ఉన్నాయి. అక్కడ ఆ మనిషికి తన కత తాను చెప్పుకునే వీలుండదు. ఆస్ట్రేలియా హాస్యనటి హన్నా గ్యాడ్స్‌బీ 2020లో వీడియోగా వచ్చిన 'డగ్లస్' ప్రదర్శనలో తన ఆటిజం గురించి తనే చెప్పారు. బడిలో పెట్టె, పెంగ్విన్ ఉదాహరణతో పాఠం చెబుతున్న టీచరును నిజంగా అర్థం కాకే ప్రశ్నలడిగితే, అది పొగరనుకున్నారట. ఆ కత వింటూ నవ్వేవాళ్ళకు ఆ పిల్ల బుర్ర ఎంత నిజాయతీగా పనిచేసిందో తెలిసిపోతుంది.

ఆటిజం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య అర్థం కాకపోవడం రెండువైపులా ఉంటుందని, తానూ ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో రాశారు. ఇది మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. తమిళంలో వీడు అంటే ఇల్లు. బడిలో అయివారు "ఉన్ వీడు ఎంగే?" అంటే పక్కనున్న తమ్ముణ్ణి చూపించిన తెలుగు పిల్లలు మనలో ఉన్నారు. వాళ్ళు తెలివితక్కువ పిల్లలా? ఇక నవ్వు మాటకొస్తే, ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్, వలసొచ్చిన మన పెద్దల కతను 1976లో 'గోపల్ల గ్రామం'గా కరిసల్ (నల్లరేగడి) సీమ తమిళంలో రాశారు. మన అలవాట్లనూ చాదస్తాలనూ మనవాడే నవ్విస్తూ చెప్పాడు కనుక, ఆ నవ్వు మనకెక్కడా గుచ్చుకోలేదు.

అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ చేసిన వింత పనిని పదిమందిలో చెప్పి నవ్వించే ముందు ఆ బిడ్డను అడగండి. మాట రాని పిల్లలూ ఇష్టాయిష్టాలను మొహంలో, చేతుల్లో చూపిస్తారు, కాస్త ఆగి చూడాలి. ఆటిజం ఉన్నవాళ్ళు తమ నవ్వుల కతలు రాసి పంపితే, బొమ్మలు గీసి పంపినా సరే, ఈ పత్రికలో వేస్తాం. వాళ్ళ మాట తీరును దిద్దం.

తిన్నె కత రాయనా అని మావాణ్ణి అడిగాను. చాలాసేపు ఆలోచించాడు.

"పేరొద్దు. పెదనాయన బయలుదేరింది మూడూ నలభైకి. అది మాత్రం తప్పకుండా రాయి" అన్నాడు.